బాంబుకు రెక్కలొచ్చాయి, కందకంలో మనిషికి ఏమొచ్చింది?

2025 మే నెలలో మన సరిహద్దు మీద విమానాలు లేచినప్పటి నుంచి చూస్తున్నాను. టీ కొట్టు దగ్గర, సెలూన్లో, కూలి అడ్డా మీద మన కుర్రాళ్ళ నోట ఒకటే ముచ్చట. ఏ విమానం గొప్పది, ఏ క్షిపణి ఎంత దూరం పోతుంది, ఎవడి రాడారు ఎవణ్ణి ముందు చూస్తుంది. టీవీవాడు యుద్ధ విమానం గురించి మోటారు సైకిళ్ళ షోరూము వాడిలా చెబుతాడు. ఇదిగో కొత్త రాడారు, ఇదిగో కొత్త రెక్క, ఇదిగో అప్‌గ్రేడ్! పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నేనూ విన్నాను, అబద్ధమెందుకు? యంత్రం మీద ఇష్టం ఉండడం తప్పేం కాదు. విప్పి చూడాలనిపించడమూ తప్పు కాదు. అయితే విప్పితే పూర్తిగా విప్పాలి. ఈ అప్‌గ్రేడ్‌తో ఎవడి ప్రాణం భద్రమైంది, ఎవడి ప్రాణం చవకైంది అని టీవీవాడు ఒక్కనాడైనా అడిగాడా? అడగడు. మనం అడుగుదాం.

అడగడానికి ఉక్రెయిన్ యుద్ధాన్ని తీసుకుంటాను. ఇన్నేళ్ళుగా రెండు పెద్ద సైన్యాలు తమ దగ్గరున్న ప్రతి పాత విమానానికీ కొత్త సామాను తగిలించి ప్రయోగం చేసింది అక్కడే. పైగా ఆ యుద్ధంలోకి మన హైదరాబాద్ నుంచి కూడా మనుషులు పోయారు. ఆ సంగతి చివర్లో చెబుతాను. మొదట ఆకాశం సంగతి.

2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తింది. రష్యాకు కొత్త విమానాలు వందల్లో ఉన్నాయి. ఉక్రెయిన్‌వి సోవియట్ కాలం నాటివి, కొద్దివి. కొద్ది రోజుల్లో ఆకాశమంతా రష్యా చేతికి వస్తుందని పెద్ద పెద్ద నిపుణులే అనుకున్నారు. రాలేదు. పైన ఎగిరితే బండ్ల మీద నుంచి పేల్చే ఎస్-300, బుక్ క్షిపణులు కొడతాయి. వాటికి దొరక్కుండా చెట్ల ఎత్తుకు దిగితే ఒక్క సిపాయి భుజాన పెట్టుకుని పేల్చే స్టింగర్, ఇగ్లా కొడతాయి. ఉక్రెయిన్ వాళ్ళు పెద్ద క్షిపణుల బండ్లను ఒకచోట నిలపకుండా తిప్పుతూ కాపాడుకున్నారు. రష్యా దగ్గరా అవే రకం క్షిపణులు ఇంకా ఎక్కువున్నాయి కాబట్టి ఉక్రెయిన్ విమానాలకూ అదే గతి. పైన చావు, కింద చావు. ఆకాశం ఎవరిదీ కాకుండా మిగిలింది.

మరి పైలట్లు ఏం చేశారు? చెట్ల మీదుగా దూసుకొచ్చి, శత్రువుకు కొన్ని కిలోమీటర్ల ఇవతలే విమానం ముక్కు పైకెత్తి, రాకెట్లను గాల్లోకి విసిరేసి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోవడం. సుఖోయ్-25 అయినా హెలికాప్టరైనా, అటువాడైనా ఇటువాడైనా ఇదే ఎత్తు. చిన్నప్పుడు మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవాళ్ళకు ఈ పని తెలుసు. రాయి దూరం పోతుంది గానీ ఎక్కడ పడుతుందో విసిరినవాడికే తెలీదు. జొన్నచేలో పిట్టలు లేస్తే చాలు, పని అయినట్టే. అక్కడ చేలో ఉన్నది మనుషులు.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. కూలిపోయిన రష్యా సుఖోయ్-34 విమానాల్లో, పైలట్ ముందుండే పలక మీద, అంగట్లో దొరికే మామూలు జీపీఎస్ పెట్టెలు టేపుతో అంటించి కనిపించాయని 2022 మేలో అప్పటి బ్రిటన్ రక్షణ మంత్రి బెన్ వాలెస్ చెప్పాడు. ఎన్నో కోట్ల విమానం, దారి చూపేది ఆటోవాడి ఫోను లాంటి పెట్టె! నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

2023 మొదట్లో రష్యా ఒక పని చేసింది. సోవియట్ గోదాముల్లో గుట్టలుగా పడున్న పాత ఇనుప బాంబులు బయటికి తీసింది. 250 కిలోలవి, 500 కిలోలవి, తర్వాత 1500 కిలోలవి కూడా. ఇవి మూగ బాంబులు. విమానం సరిగ్గా నెత్తిమీదికి వచ్చి వదిలితే కింద పడతాయి, అంతే. నెత్తిమీదికి వచ్చే వీలు ఇప్పుడు ఏ విమానానికీ లేదు గదా! అందుకని ఆ బాంబు వీపుకు ఒక సామాను తగిలించారు. మడత విప్పుకునే రెక్కలు, తోక, ఉపగ్రహం సంకేతం చూసుకుని దారి దిద్దుకునే చిన్న పెట్టె. విమానం తన నేల మీదే బాగా ఎత్తుకు పోయి, వేగం అందుకుని వదిలేస్తుంది. గద్ద రెక్క కదపకుండా జారుతుంది చూడండి, అలాగే ఆ బాంబు నలభై, యాభై, అరవై కిలోమీటర్లు జారుకుంటూ పోయి పడుతుంది. దీన్ని గ్లైడ్ బాంబు అంటున్నారు. మనం జారుడు బాంబు అనుకుందాం. దానికి ఇంజను లేదు. ఇంజను లేదు కాబట్టి వేడిని పసిగట్టే క్షిపణికి అది అంత సులువుగా దొరకదు. గాల్లో దాన్ని కూల్చడం చాలా కష్టం. కూల్చాలంటే అది వదిలిన విమానాన్నే కూల్చాలి. ఆ విమానం అరవై కిలోమీటర్ల అవతల ఉంది. అంత దూరం కొట్టే పేట్రియట్ క్షిపణులు ఉక్రెయిన్ దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిని నగరాల దగ్గర ఉంచితే ముందు వరసలో సిపాయిలు చస్తారు. ముందు వరసకు తెస్తే నగరంలో ఆసుపత్రులు, కరెంటు స్టేషన్లు పోతాయి. తెచ్చిన బండ్లను రష్యా వెతికి పేల్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ జారుడు బాంబు సంగతే నేను మీకు గట్టిగా చెప్పదలుచుకున్నది. ఇందులో కొత్త పేలుడు మందు లేదు, కొత్త విమానం లేదు. పాత బాంబు, పాత గోదాము. దూరంగా కొట్టే క్షిపణి ధరలో ఇది చిన్న వంతు. మారింది ఒక్కటే, వేసేవాడికీ పడేచోటుకూ మధ్య దూరం. అప్‌గ్రేడ్ అంటే ఆ దూరమే!

సుఖోయ్-34 లోపల ఎలా ఉంటుందో తెలుసా? ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. వాళ్ళ చుట్టూ టైటానియం లోహంతో తొట్టిలాంటి కవచం. వెనక ఒక మనిషి నడుం వాల్చేంత జాగా. అన్నం వేడి చేసుకునే ఏర్పాటు, అవసరానికి చిన్న మరుగుదొడ్డి కూడా పెట్టారు. దూర ప్రయాణాలు చేసే మనిషికి అవి కావాలి, నేను కాదనను. ఆ బాంబు పడే చోట కందకంలో ఉన్నవాడి సంగతి చూడండి. మోకాళ్ళ దాకా బురద, ఎలుకలు, చలికి వాచిన పాదాలు. తల బయట పెడితే డ్రోను. మరుగుదొడ్డి అంటే ఖాళీ డబ్బా. దెబ్బ తగిలితే మోసుకుపోయే బండి రాత్రికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. విమానంలో మరుగుదొడ్డి పెట్టాలని ఆలోచించిన బుర్రలు కందకం గురించి ఏం ఆలోచించాయి?

ముందు వరస ఊళ్ళు ఏమయ్యాయో చూడండి. అవ్‌దీయివ్‌కా అనే పట్నాన్ని ఉక్రెయిన్ సిపాయిలు 2014 నుంచి పట్టుకుని ఉన్నారు. సిమెంటు గోడలు, నేలమాళిగలు, పదేళ్ళుగా తవ్వుకున్న కందకాలు. 2024 ఫిబ్రవరి 17న అది పడిపోయింది. పడిపోవడానికి గుండ్ల కొరత ఒక కారణం, మనుషుల కొరత ఒకటి, రోజూ పదుల లెక్కన పడ్డ జారుడు బాంబులు ఇంకొకటి. ఫిరంగి గుండుకు తట్టుకున్న నేలమాళిగ ఐదు వందల కిలోల బాంబుకు తట్టుకోలేదు. తవ్వుకుని కూర్చుంటే బతుకుతామన్న పాత నమ్మకం అక్కడే పూడిపోయింది. అదే ఏడాది మే నెలలో వోవ్‌చాన్స్క్ వంతు. అదే మే 25న, శనివారం, ఖార్కివ్ నగరంలో ఇళ్ళ సామాను అమ్మే పెద్ద దుకాణం మీద ఈ బాంబులే వేశారు. రంగు డబ్బాలు, మేకులు, కుళాయిలు కొనుక్కోడానికి వచ్చినవాళ్ళు, అమ్మేవాళ్ళు పదిహేను మందికి పైగా చచ్చిపోయారు.

ఈ యంత్రానికి తనవాడు పరాయివాడు అనే పట్టింపు కూడా తక్కువే. 2023 ఏప్రిల్ 20న రష్యా విమానం బాంబు ఒకటి తమ సొంత నగరం బెల్గొరద్ నడివీధిలో పడింది. ఇరవై మీటర్ల గొయ్యి. తమ సుఖోయ్-34 నుంచే జారిపోయిందని వాళ్ళ రక్షణ శాఖే ఒప్పుకుంది.

ఇక ఉక్రెయిన్ వాళ్ళేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. మన ఊళ్ళో మెకానిక్కు ఒక బండి ఇంజను ఇంకో బండికి బిగించినట్టు, సోవియట్ మిగ్-29 రెక్క కింద అమెరికా క్షిపణి బిగించారు. హార్మ్ అని దాని పేరు. 2022 ఆగస్టుకు ఈ సంగతి బయటపడింది. అది రాడారు వెలుగును వాసన పట్టి దాని మీదికే పోతుంది. రాడారు ఆన్ చేసినవాడికి చావు, ఆఫ్ చేసినవాడు గుడ్డివాడు. తగలకపోయినా భయంతో రాడారు ఆపేస్తే చాలు, ఆ కాసేపట్లో మిగతా విమానాలు పని చేసుకొస్తాయి. 2023 మేలో సుఖోయ్-24కు బ్రిటన్ వాళ్ళ స్టార్మ్ షాడో క్షిపణి తగిలించారు. సోవియట్ విమానానికి అమెరికా ఆయుధం భాష తెలీదు గదా, అందుకని పైలట్ ముందు ఐప్యాడ్ లాంటి పలక పెట్టి దాని ద్వారా మాట్లాడిస్తున్నారని 2024లో అమెరికా రక్షణ శాఖ అధికారి బిల్ లాప్లాంట్ చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఆపదలో ఉన్నవాడి బుర్ర అది.

2024 ఆగస్టులో ఎఫ్-16లు వచ్చాయి. యూరప్ దేశాలు వాడి పక్కన పెట్టినవి. ఎప్పుడో 1970ల నమూనాకు 1990లలో కొత్త రాడారు, కొత్త తెరలు పెట్టిన బండ్లు. వాటితో యుద్ధం మలుపు తిరుగుతుందని పత్రికలు ఏడాదిన్నర ఊదరగొట్టాయి. వచ్చిన నెలలోనే, ఆగస్టు 26న, ఒకటి కూలింది. దాని పైలట్ ఒలెక్సీయ్ మేస్ చనిపోయాడు. ఆ విమానాలు ఇవ్వండని అమెరికా దాకా పోయి అడిగినవాళ్ళలో అతనొకడు. కాబట్టి పైలట్లు సుఖపడుతున్నారని నేను అనడం లేదు. వాళ్ళూ చస్తున్నారు. కానీ వాళ్ళ పేరు లోకానికి తెలుస్తుంది, బొమ్మ పత్రికల్లో పడుతుంది. కందకంలో పూడిపోయినవాణ్ణి వాళ్ళమ్మ ఫోన్లో వెతుక్కుంటూ ఉంటుంది.

ఎఫ్-16లకంటే నాకు నచ్చిన బండి వేరే ఉంది. యాక్-52 అని, 1970ల నాటి శిక్షణ విమానం. ముందు పంకా, గాజు మూత. 2024లో ఒడెస్సా దగ్గర దాన్ని తీసుకుని, ముందు ఒకడు నడుపుతుంటే వెనక సీట్లో ఇంకొకడు తుపాకి పట్టుకుని రష్యా నిఘా డ్రోన్లను పిట్టల్లా కాల్చారు. డ్రోను మీదికి లక్షల డాలర్ల క్షిపణి వదలడం కంటే ఇది నయమని వాళ్ళ లెక్క. ఈ లెక్కే ఈ యుద్ధంలో అసలు ఎత్తుగడ. ఎదుటివాడి ఖరీదైన దాన్ని మన చవక దానితో పోగొట్టు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ గూఢచారి శాఖ లారీల మీద చెక్క గదుల్లో 117 చిన్న డ్రోన్లను దాచి, రష్యాలో వేల కిలోమీటర్ల లోపలికి పంపి, గదుల పైకప్పులు తెరిచి, విమానాశ్రయాల్లో నిలబెట్టిన పెద్ద బాంబర్లను తగలబెట్టింది. 41 విమానాలను దెబ్బతీశామని వాళ్ళన్నారు, అమెరికా వాళ్ళు అంతకంటే తక్కువన్నారు. ఎన్నయినా, రష్యా దగ్గర అలాంటివి మళ్ళీ తయారయ్యే వీలు లేదు. అంతకు ముందు 2023 నుంచే రష్యా వాళ్ళు తమ బాంబర్ల రెక్కల మీద పాత టైర్లు పరిచి పెట్టారు, పై నుంచి వచ్చే క్షిపణి కన్ను విమానాన్ని గుర్తుపట్టకుండా. వేల కోట్ల బాంబరుకు పంచరు షాపు టైరు కాపలా!

ఇక ఆ చిన్న డ్రోన్లు. ముప్పై నలభై వేల రూపాయల సామాను, కింద ఒక గుండు, కళ్ళద్దాల్లో చూస్తూ నడిపే కుర్రాడు. కొన్ని కిలోమీటర్ల అవతల నేలమాళిగలో కూర్చుని ఒక్క మనిషిని పేరు పెట్టి తరిమినట్టు తరుముతాడు. రేడియో సంకేతాన్ని చెరిపేసే యంత్రాలు వచ్చాక, కేబుల్ టీవీ తీగ లాంటి సన్నని గాజు తీగను వెనక విప్పుకుంటూ పోయే డ్రోన్లు 2024 నుంచి దిగాయి. వాటికి చెరిపేదేం లేదు. పొలాల మీద, చెట్ల మీద ఆ తీగలు సాలెగూళ్ళలా పరుచుకున్నాయి. దీనికి విరుగుడు ఏం దొరికిందంటే, వల! రోడ్ల పొడుగునా పందిరిలా వలలు కట్టారు. ఫ్రాన్సులో బ్రిటనీ తీరం జాలర్లు తమ పాత చేపల వలలు పంపించారు. జారుడు బాంబుల పెట్టెలకు కూడా ఉక్రెయిన్ వాళ్ళు దొంగ సంకేతాలు పంపి దారి తప్పించారు, రష్యా వాళ్ళు దానికి మందు కనిపెట్టి మరో రకం పెట్టె పెట్టారు. తాళం, మారుతాళం. ఈ పోటీకి అంతం కనబడదు.

ఇన్ని మారాయి గదా, మారనిది ఏమిటి? ఇన్ని వచ్చాక కూడా ఒక ఊరు పట్టుకోవాలంటే మనిషి నడిచి పోవాలి. పెద్ద గుంపుగా పోతే డ్రోన్లు చూస్తాయి కాబట్టి ఇద్దరిద్దర్ని, ముగ్గురు ముగ్గుర్ని, కొన్నిసార్లు మోటారు సైకిళ్ళ మీద తోలుతున్నారు. వాళ్ళు పోతే ఎదుటివాడు ఎక్కణ్ణుంచి కాల్చాడో తెలుస్తుంది. తెలిసిన చోటు మీద జారుడు బాంబు వేస్తారు. అంటే ఆ నడిచిపోయినవాడు సిపాయి కూడా కాదు, కొలత కర్ర! ఇంత శాస్త్రం పెరిగిన కాలంలో చవకైన రాడారు ఏదంటే మనిషి శరీరం. నాకు ఇది చదివినప్పుడు మన మ్యాన్‌హోళ్ళు గుర్తొచ్చాయి. యంత్రాలు కొన్నామని ప్రకటన వస్తూనే ఉంటుంది, మనిషి దిగుతూనే ఉంటాడు. చట్టం 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చింది. దిగేవాడు ఏ వాడ నుంచి వస్తాడో మీకు చెప్పాలా?

అక్కడ ఆ నడిచేవాడు ఎక్కణ్ణుంచి వస్తున్నాడు? 2022లో వాగ్నర్ అనే కిరాయి సేన రష్యా జైళ్ళలోకి పోయి ఖైదీలను తెచ్చింది. ఆరు నెలలు బతికితే విడుదల అని ఒప్పందం. బఖ్ముత్ అనే ఒక్క పట్నం కోసం తన మనుషులు 20,000 మంది చచ్చారని, అందులో సగం మంది ఖైదీలని ఆ సేన యజమాని ప్రిగోజిన్ 2023 మేలో తన నోటితోనే చెప్పాడు. మాస్కో కంటే తువా, బురియాతియా లాంటి పేద ప్రాంతాల వాళ్ళు జనాభా లెక్కన ఎక్కువ చచ్చారు. 2024 జులైలో మాస్కో నగరంలో చేరితే మొదటి ఏడాది పద్దెనిమిది లక్షలకు పైగా రూబుళ్ళు చేరిక డబ్బు ప్రకటించారు. చాకిరీతో బతికే ప్రాంతం వాడికి అది జీవితంలో చూడని సొమ్ము. ఉక్రెయిన్ పక్షం దండెత్తబడిన పక్షం, ఆ తేడా నేను మరచిపోను. కానీ అక్కడా 2024లో నిర్బంధంగా చేర్చుకునే వయసు 27 నుంచి 25కు దించారు, ఖైదీలను చేర్చుకునే చట్టం చేశారు. లంచం ఇచ్చి తప్పించుకున్న డబ్బున్నవాళ్ళ కథలు అక్కడి పత్రికలే రాశాయి.

రష్యాకు తన పేదలు కూడా చాల్లేదు. నేపాల్ నుంచి పోయారు, క్యూబా నుంచి పోయారు. 2024 చివర్లో ఉత్తర కొరియా సైన్యాన్నే కూర్స్క్‌కు పంపింది. చచ్చిన తన పిల్లల లెక్క చూసి నేపాల్ ప్రభుత్వం 2024 జనవరిలో ఆ రెండు దేశాలకూ పనికి పోవడం ఆపేసింది.

ఆ వరసలోనే మనవాళ్ళు. యూట్యూబ్‌లో వీడియో పెట్టారు, రష్యాలో సైన్యానికి "హెల్పర్" ఉద్యోగం, యుద్ధం దగ్గరికి పోనక్కర్లేదు, వంటపని, సామాను మోత, నెలకు లక్షల్లో జీతం అని. ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర మూడు లక్షల దాకా తీసుకున్నారని వార్తలొచ్చాయి. అక్కడ దిగాక రష్యన్ భాషలో ఉన్న కాగితం మీద సంతకం. అది సైన్యంలో చేరే ఒప్పందం. పాస్‌పోర్టులు లాక్కున్నారు. కొద్ది రోజుల శిక్షణ, తర్వాత ముందు వరస. 2024 ఫిబ్రవరిలో గుజరాత్ కుర్రాడొకడు ఆకాశం నుంచి పడ్డ దాడిలో చచ్చిపోయాడు. హైదరాబాద్ యువకుడొకడు చనిపోయాడని మార్చి 6న మాస్కోలోని మన రాయబార కార్యాలయం చెప్పింది. అదే నెలలో సీబీఐ కేసు కట్టి ఏడు నగరాల్లో సోదాలు చేసింది. జులైలో మన ప్రధాని మాస్కో పోయినప్పుడు ఈ మాట ఎత్తితే విడిపిస్తామన్నారు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ ఇచ్చిన లెక్క: 126 మంది పోయారు, 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చచ్చారు, 16 మంది ఎక్కడున్నారో రష్యా పక్షమే చెప్పలేకపోయింది.

ఆ పన్నెండు మందిలో ఎవరి మీదా పగ తీర్చుకుందామని ఎవరూ బాంబు వెయ్యలేదు. తెర మీద ఒక చుక్క కదిలింది, అంతే. బోదె గట్టు మీద నడిచి వచ్చిన మన పిల్లవాడు అక్కడ ఆ చుక్క.

ఊళ్ళలో పని చేసే కార్యకర్తలకు నా మాట. ఏజెంటు మన వాడకు కారులో రాడు. మన బంధువే ఎవరో తీసుకొస్తాడు, "మామా, మంచి ఛాన్స్" అంటాడు. అతన్ని తిట్టొద్దు, అతనూ మోసపోయి ఉండొచ్చు. కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి. విదేశీ పనికి మనుషులను పంపేవాడికి 1983 చట్టం కింద కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరేది? ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో అది ఉందో లేదో అక్కడే ఫోన్లో చూడండి, చూడడం రాకపోతే హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. వీసా పని వీసానా, చూడ్డానికి పోయే వీసానా? టూరిస్టు వీసా అంటే అక్కడితో మాట ఆపెయ్యండి. ఇక ఒప్పందం కాగితం. మనకొచ్చిన భాషలో లేకపోతే బయల్దేరే ముందే తర్జుమా చేయించి, ఒక నకలు ఇంట్లో తల్లి దగ్గర పెట్టి పొమ్మనండి. ఇప్పటికే పోయి చిక్కుకున్నవాళ్ళ పేర్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఎక్కించాలి. అది రాని ఇల్లుంటే చదువుకున్న పిల్లల్ని తోడు పంపండి.

టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు విమానాల సంగతి మాట్లాడుకుంటే మాట్లాడుకోనివ్వండి. మధ్యలో కూర్చుని ఆ అరవై కిలోమీటర్ల లెక్క అడగండి. ఇటు చివర ఎవడు, అటు చివర ఎవడు అని.